బీరుకూ ఒక వాడిక

తెలంగాణ పల్లెల్లో కల్లు తాగేవాళ్లకు బ్రాండుతో పనిలేదు. ఎవరు గీసింది, ఏ చెట్టుది, పొద్దుటిదా మాపటిదా అని అడుగుతారు. తాటికల్లులో పోతుతాడు కల్లంటే ప్రాణమిచ్చే మనిషి పరుపుతాడు కల్లు నోట్లో పోసుకుని మొహం చిట్లిస్తాడు, ఇంకొకాయనకు పండుతాడే కావాలి. గీసే గౌడన్న దగ్గర వాడిక, అంటే రోజూ ఆయన దగ్గరే పోయించుకునే ఏర్పాటు, పెట్టుకున్నవాళ్లకు చెట్టు మీంచి లొట్టి దిగగానే వాళ్ల వాటా పక్కన ఉంటుంది. వాడిక లేకుండా ఎండ నెత్తికెక్కాక వచ్చినవాళ్లకు మిగిలిందే దక్కుతుంది. అప్పటికి అది బాగా పులిసిపోయి ఉంటుంది.

జూబ్లీహిల్స్‌లో గ్లాసు మూడు నాలుగు వందలు పలికే బీరు దగ్గర కూడా ఇదే వ్యవహారం నడుస్తోందంటే వింతగా ఉండొచ్చు. వారం మధ్యలో, జనం పలచగా ఉన్న సాయంత్రం ఏదైనా బ్రూపబ్‌లో, అంటే బీరు అక్కడే కాచి పోసే పబ్‌లో, కౌంటర్ దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. కొందరు మెనూ కార్డు ముట్టుకోరు. "హెఫెవైజన్ ట్యాంకు ఎప్పుడు మారింది?" అని అడుగుతారు. హెఫెవైజన్ అంటే ఒక రకం గోధుమ బీరు. "నిన్న రాత్రే సార్" అంటే ఒక గ్లాసు. "మూడు వారాలైంది" అంటే "వద్దులే, స్టౌట్ ఉంటే కొంచెం రుచి చూపించు" అంటారు. స్టౌట్ అంటే నల్లటి బీరు. వీళ్లకు బ్రూయర్, అంటే బీరు కాచే మనిషి, పేరు తెలుసు, ఆయన ఇంతకుముందు ఏ పబ్‌లో చేశాడో తెలుసు, వచ్చే నెల ట్యాంకులో ఏం పడబోతోందో కూడా చాలాసార్లు తెలుసు. మెనూలో ఎక్కని బీరు వాళ్ల గ్లాసులోకి రావడానికి కారణం ఆ పరిచయమే.

ఈ ఊళ్లో మంచి బీరు కావాలంటే సీసాల కన్నా మనుషుల్నే వెతుక్కోవాల్సి వస్తోంది. ఎందుకో అర్థం కావాలంటే ముందు వీధి చివరి వైన్స్ దగ్గరికి వెళ్లాలి.

తెలంగాణలో మద్యం హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. కంపెనీ ఎంత పెద్దదైనా సరుకు కార్పొరేషన్‌కే అమ్మాలి, షాపు ఏదైనా దాని డిపో నుంచే తెచ్చుకోవాలి. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులున్నాయి. లైసెన్సులు లాటరీలో ఇస్తారు, రెండేళ్లకోసారి మళ్లీ డ్రా తీస్తారు. 2025 డిసెంబర్‌లో మొదలైన లైసెన్సులకు ఒక్కో దరఖాస్తు ఫీజే 3 లక్షల రూపాయలు, డ్రాలో పేరు రాకపోతే అది తిరిగి రాదు. అంత ఖర్చు పెట్టి షాపు దక్కించుకున్న యజమాని ఫ్రిజ్‌లో ఏం పెడతాడు? పొద్దున పెడితే రాత్రికల్లా పెట్టెలు ఖాళీ అయ్యే లైట్, స్ట్రాంగ్ లాగర్లే, అంటే అందరికీ తెలిసిన మామూలు బీర్లే పెడతాడు. నెలకు నాలుగు సీసాలు పోయే బెల్జియం బీరుకు అరలో చోటివ్వడం ఆయనకు దండగ. రుచి తెలిసిన యజమాని ఒకాయన దొరికి, "సార్, మీకోసం రెండు తెప్పించాను" అనేంత చనువు పెరిగిందనుకుందాం. రెండేళ్లు తిరిగేసరికి షాపు ఇంకొకరి చేతికి పోవచ్చు. అమెరికాలో, యూరప్‌లో బీరు అభిమానులు సీసాల దుకాణం యజమానితో ఏళ్ల తరబడి నడిపే స్నేహం ఇక్కడ వేరుపట్టకపోవడానికి సగం కారణం ఆ లాటరీ డబ్బానే.

రెండో అడ్డంకి లేబుల్. మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి ప్రతి బ్రాండూ ప్రతి రాష్ట్రంలో ఎక్సైజ్ శాఖ దగ్గర విడిగా నమోదు కావాలి, ఫీజు కట్టాలి, గడువు తీరాక మళ్లీ చేయించుకోవాలి. దీని బరువు ఎంతో బీరా 91కు జరిగింది చూస్తే తెలుస్తుంది. 2015లో మొదలైన ఆ కంపెనీ, గోధుమతో చేసిన మసక బీరును మామూలు జనానికి అలవాటు చేసిన వాటిలో ఒకటి. 2023లో కంపెనీ పేరులోంచి 'ప్రైవేట్' అనే ఒక్క మాట తీసేసింది. పేరు మారింది గనక లేబుళ్లన్నీ రాష్ట్రాలవారీగా మళ్లీ నమోదు చేయించుకోమన్నారు. నెలల పాటు అమ్మకాలు ఆగిపోయాయి, పాత పేరుతో నిల్వ ఉన్న దాదాపు 80 కోట్ల రూపాయల సరుకు ఎందుకూ కొరగాకుండా పోయింది. దేశమంతా తిరిగే బ్రాండుకే ఆ గతి పడితే, గోవాలోనో పుణెలోనో నెలకు కొన్ని వేల సీసాలు నింపుకునే చిన్న బ్రూవరీ హైదరాబాద్ వైపు చూడటానికి ఎంత ఆలోచించాలో ఊహించుకోవచ్చు.

డబ్బు సంగతి ఇంకోటి. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారీదారు యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019-20 తర్వాత కార్పొరేషన్ కొనుగోలు ధర పెంచలేదని, పాత బకాయిలు పేరుకుపోయాయని కారణం చెప్పింది. పది పన్నెండు రోజులకు మళ్లీ సరఫరా మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధర 15 శాతం పెంచింది. కింగ్‌ఫిషర్ లేని వైన్స్ అనే మాటకే ఆ వారం ఊరంతా టెన్షన్ పడింది. అంత పెద్ద కంపెనీ బకాయిల కోసం సరఫరా ఆపి బేరమాడగలదు. ఐదుగురు మనుషులతో నడిచే బ్రూవరీకి ఆ ఓపికా ఉండదు, పెట్టుబడీ ఉండదు. అందుకే వైన్స్‌లో 'క్రాఫ్ట్' అని రాసి ఉన్న టిన్నులు కొన్ని కనిపించినా, అసలు అభిమానులు వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడరు. నిలబడినా ముందు టిన్ను తిప్పి అడుగున తయారీ తేదీ చూస్తారు.

తేదీ మీద ఈ పట్టుదల చాదస్తంలా కనిపిస్తుంది గానీ దానికి కారణముంది. బీరు పాడవడమంటే పాలు విరిగినట్టు విరగదు, తాగితే ఏమీ కాదు. రుచి మాత్రం పోతుంది. ఐపీఏ అనే రకంలో హాప్స్, అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు, ఎక్కువ వేస్తారు, నారింజ తొక్క, పైన్ చెట్టు బంక, పండిన మామిడి లాంటి వాసనలు వాటి వల్లే వస్తాయి. గాలి తగిలినా వేడి తగిలినా ముందు పోయేవి ఆ వాసనలే. మే నెలలో గోదాములో, ఏసీ లేని లారీలో తిరిగిన ఐపీఏ తడిసిన అట్టపెట్టెలా రుచిస్తుంది. ఆకుపచ్చ సీసాలో ఉన్నదైతే షాపు ట్యూబులైటు కింద నిలబెట్టినా చెడుతుంది. వెలుతురు పడితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి ఒక రకమైన గబ్బు వాసన పుడుతుంది. విదేశీ బీరంటే అలాగే ఉంటుందని అనుకుని ఆ గబ్బునే ఇష్టపడటం నేర్చుకున్నవాళ్లూ లేకపోలేదు!

ఇక ఊరి బయటి సంగతి. ప్రపంచంలో బీరు పిచ్చివాళ్లు దొరకని బీరును 'వేల్' అంటారు, అంటే తిమింగలం. బెల్జియంలో సింట్ సిక్స్‌టస్ మఠం సన్యాసులు చేసే వెస్ట్‌వ్లెటరెన్ 12 అలాంటిదే. 10.2 శాతం ఆల్కహాల్ ఉన్న నల్లటి బీరు. మఠం ఖర్చులకు ఎంత కావాలో అంతే కాస్తారు, డిమాండ్ ఉందని ఎక్కువ చేయరు. చాలాకాలం పాటు కొనాలంటే ఫోన్ చేసి, వచ్చే కారు నంబరు చెప్పి, ఇచ్చిన రోజున మఠం గేటు దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2019 నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే ఏర్పాటు పెట్టారు గానీ, తీసుకెళ్లి ఇంకొకరికి అమ్మకూడదన్న షరతు మాత్రం అలాగే ఉంది. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ల ప్లైనీ ది యంగర్ ఇంకో తరహా. 2005 నుంచి ఏడాదికి ఒక్కసారే, రెండు వారాల పాటు పోస్తారు. దాని కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చి గంటల తరబడి లైన్లో నిలబడతారు. శ్రీవారి సర్వదర్శనం క్యూ చూసినవాళ్లకు ఆ ఓపిక పెద్ద వింతేమీ కాదు.

హైదరాబాద్‌కు ఈ తిమింగలాలతో సంబంధం సూట్‌కేసుల ద్వారా ఏర్పడింది. క్రాఫ్ట్ బీరు రుచి ఈ ఊరికి బెంగళూరు నుంచి కొంత, అమెరికా వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ల నుంచి కొంత వచ్చింది. డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో మూడేళ్లు ఉండి శుక్రవారం సాయంత్రాలు పక్కవీధి బ్రూవరీలో గడిపినవాడు తిరిగొచ్చాక కొండాపూర్ వైన్స్‌లో నిలబడితే ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. అప్పటి నుంచి అక్కడ మిగిలిన స్నేహితుడి మీద భారం పడుతుంది. సంక్రాంతికి వచ్చేవాడి పెట్టెలో పచ్చళ్ల డబ్బాలు వెళ్లిన దారిలోనే తిరుగు ప్రయాణంలో జీన్స్ ప్యాంట్ల మధ్య చుట్టిన టిన్నులు వస్తాయి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం వరకు అనుమతి ఉంది. అర లీటరుకు కాస్త తక్కువుండే అమెరికా టిన్నులు నాలుగు పడతాయి. ఆ నాలుగింటి కోసం నలుగురు ఒక ఆదివారం ఖాళీ చేసుకుని, తలా నాలుగు గుక్కలు పంచుకుంటారు. బీరు కన్నా కబుర్లే ఎక్కువ నడుస్తాయి, అది వేరే సంగతి.

నిక్కచ్చిగా చెప్పాలంటే ఆ టిన్నుల్లో చాలావరకు మోజుకు తగ్గ విలువ చేయవు. స్నేహితుడు డిసెంబర్‌లో కొని, జనవరిలో తెచ్చి, ఫిబ్రవరిలో తెరిచిన ఐపీఏ తన మంచి రోజులు దాటేసి ఉంటుంది. అదే సూట్‌కేసులో ఇంపీరియల్ స్టౌటో, బెల్జియం క్వాడ్రుపెలో, పులుపు బీరో తెప్పించుకుంటే అర్థముంది. ఆల్కహాల్ ఎక్కువున్నవి, నల్లగా కాల్చిన మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలతో) చేసినవి, అడవి ఈస్ట్‌తో (గాల్లో, పండ్ల మీద ఉండే పులియబెట్టే సూక్ష్మజీవులతో) పులియబెట్టినవి ఏళ్ల తరబడి నిలుస్తాయి, కొన్ని ముదిరే కొద్దీ బాగుపడతాయి. తెలిసినవాళ్లు ఏం తేవాలో అడగడానికి ముందు ఏది ప్రయాణం తట్టుకుంటుందో ఆలోచిస్తారు.

బెంగళూరు నుంచి తెచ్చుకోవడం మాత్రం వేరే కథ. రాత్రి బస్సులో బ్యాగులో పెట్టుకొస్తే ఏముందిలే అనిపిస్తుంది. తెలంగాణకు పన్ను కట్టని మద్యాన్ని ఎక్సైజ్ వాళ్లు నాన్ డ్యూటీ పెయిడ్ అంటారు. గోవా, ఢిల్లీ, హర్యానా సరుకు కోసం రైళ్లలో, విమానాశ్రయంలో తనిఖీలు చేసి పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. కాబట్టి తెలివైన దారి ఒకటే, బీరును రప్పించుకోకుండా తామే వెళ్లడం. ఇందిరానగర్‌లో 2010 నుంచి నడుస్తున్న టాయిట్‌లో ఒక సాయంత్రం గడపడానికే పని కల్పించుకుని బెంగళూరు వెళ్లేవాళ్లున్నారు. ఆఫీసు ట్రిప్పు అనేది ఇంట్లో చెప్పే కారణం.

ఇన్ని దారులు మూసుకుపోయాక మిగిలేది ఊళ్లో కాచే బీరు. తెలంగాణ వచ్చాక మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చారు. అప్పటి నుంచి ప్రోస్ట్, జీరో40, ది హాపరీ, బ్రాడ్‌వే లాంటి పేర్లు జూబ్లీహిల్స్ చుట్టూ వినిపించాయి, తర్వాత గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పాకాయి. వైన్స్ బీరుకూ దీనికీ తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, ఇది వడకట్టి వేడిచేసి నిల్వకు తయారుచేసిన సరుకు కాదు. అద్దాల గోడ వెనక ట్యాంకు ఉంటుంది, ఆ ట్యాంకు నుంచి ట్యాపుకు గొట్టం ఉంటుంది, మధ్యలో లారీ లేదు, డిపో లేదు, ట్యూబులైటు లేదు. ఈత కల్లులాగే ఇది కూడా పుట్టిన చోటనే తాగాల్సిన పానీయం.

ఆ అద్దం వెనక జరిగేది కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఏ బీరు ఎప్పుడు అరుదవుతుందో అక్కడే తేలుతుంది. బ్రూ చేసే రోజు పొద్దున్నే పని మొదలవుతుంది, పబ్‌లో అప్పటికి కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఉంటాయి. పిండి మరలో పగలగొట్టిన మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెడితే గంటసేపట్లో గంజి తియ్యగా మారుతుంది. హాలంతా ఉడికిన జొన్నల వాసన, కాస్త హార్లిక్స్ వాసన. ఆ తీపి నీటిని వేరుచేసి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి ట్యాంకులోకి పంపి ఈస్ట్ కలుపుతారు. మిగిలిన పిప్పి గేదెల దాణాకు పోతుంది. అక్కడి నుంచి పని ఈస్ట్‌ది. హెఫెవైజన్‌లో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి గదా, అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు. ఆ రెండు వాసనలూ ఈస్ట్ పుట్టించేవే. ట్యాంకు రెండు మూడు డిగ్రీలు వేడిగా నడిపితే అరటిపండు ముందుకొస్తుంది, చల్లగా నడిపితే లవంగం తేలుతుంది. ఒకే పబ్‌లో ఒకే పేరుతో ఈ నెలా వచ్చే నెలా దొరికే బీరు వేరువేరుగా ఉండటానికి ఇలాంటి చిన్న చిన్న కారణాలు సరిపోతాయి.

గోధుమ బీరు కాచిన రోజు నుంచి ట్యాపుకు రావడానికి రెండు వారాలు చాలు. నిజమైన లాగర్‌కు, అందులోనే ఒక రకమైన పిల్స్‌నర్‌కు అలా కుదరదు. చల్లగా, నెమ్మదిగా పులియాలి, ఆ తర్వాత దాదాపు గడ్డకట్టే చలిలో వారాల పాటు ఊరాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ట్యాంకు దానికే అంకితం. అదే కాలంలో గోధుమ బీరు రెండు మూడు సార్లు కాచి అమ్ముకోవచ్చు. వెయ్యి లీటర్ల ట్యాంకు అనుకుంటే అడుగున మిగిలే ఈస్ట్, గొట్టాల్లో పోయేది తీసేసినా రెండున్నర వేల పైచిలుకు గ్లాసులు. ఆ లెక్క వేసుకునే యజమాని బ్రూయర్‌ను పిల్స్‌నర్ చేయమంటాడా, హెఫెవైజన్ చేయమంటాడా? అందుకే వైన్స్‌లో కుప్పలుగా దొరికే లాగరే, బాగా ఊరినదైతే, హైదరాబాద్ బ్రూపబ్‌లలో అన్నిటికన్నా అరుదైన బీరు. కొత్తగా వచ్చినవాళ్లు ఐపీఏ కోసం అడుగుతారు. కాస్త నలిగినవాళ్లు పిల్స్‌నర్ ట్యాంకు ఎక్కడైనా నిండిందేమో కనుక్కుంటారు.

ఇక్కడే వాడిక పని చేస్తుంది. ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ ఆ బీరు ఎప్పుడొస్తుందో మెనూ చెప్పదు. ప్రకటనలూ ఉండవు, మన దేశంలో మద్యానికి ప్రకటనలు ఇవ్వడం నిషేధం. పబ్‌ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూస్తే పిజ్జా ఫోటోలు, శనివారం బ్యాండ్ పోస్టర్లు, లేడీస్ నైట్ వివరాలే కనిపిస్తాయి, బీరు సంగతి ఎక్కడో ఒక స్టోరీలో ఇరవై నాలుగు గంటలు మెరిసి మాయమవుతుంది. కాబట్టి కబురు నోటి మాటగానే నడవాలి. బ్రూయర్ నుంచి బార్ కౌంటర్ కుర్రాడికి, అతని నుంచి నలుగురు పాత కస్టమర్లకు, వాళ్ల నుంచి వాట్సాప్ గ్రూపుకు వెళ్తుంది. గురువారం రాత్రి గ్రూపులో 'ఫలానా చోట స్టౌట్ పడింది' అని ఒక్క లైను చాలు, శుక్రవారం ఆఫీసు అయ్యేసరికి ఇద్దరు ముగ్గురు అక్కడ తేలతారు.

యాప్‌లు ఉన్నాయి కదా అనొచ్చు. 2010లో మొదలైన అన్‌టాప్డ్‌లో తాగిన ప్రతి బీరుకూ అయిదుకు ఇన్ని అని మార్కులు వేయొచ్చు, దగ్గర్లో ఎక్కడ ఏముందో చూడొచ్చు. సీసాల బీరుకు అది పనికొస్తుంది. బ్రూపబ్ బీరుకు మాత్రం సగమే. మార్చిలో కాచిన హెఫెవైజన్‌కూ సెప్టెంబర్‌లో కాచినదానికీ అక్కడ ఒకటే పేజీ, ఒకటే సగటు. మధ్యలో బ్రూయరే మారిపోయి ఉండొచ్చు, ఆ విషయం మార్కుల్లో కనిపించదు. పైగా ఇలాంటి చోట్లను నమ్ముకోవడంలో ఇంకో చిక్కుంది. 2000 నుంచి నడిచిన రేట్‌బీర్ ఒక మహా బీరు కంపెనీ చేతికి పోయి, చివరికి 2025 ఫిబ్రవరిలో మూతపడింది. పాతికేళ్ల పాటు లోకమంతా రాసిన రుచుల చిట్టా దాంతో పాటే పోయింది.

మనిషి పరిచయం సంపాదించడం కష్టమేమీ కాదు, కాకపోతే వేళ తెలియాలి. శనివారం రాత్రి పదింటికి డీజే హోరులో బ్రూయర్‌ను పిలిపించి మాట్లాడాలనుకోవడం పెళ్లి వడ్డన మధ్యలో వంటాయన్ని ఆపి పులిహోర కొలతలు అడగడం లాంటిది. మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఐదారింటికి ఆయన ట్యాంకుల దగ్గరే ఉంటాడు, ఓపికగా ఉంటాడు. ఎవరైనా తన బీరు గురించి అడిగితే సంతోషిస్తాడు కూడా, ఎందుకంటే పబ్‌కు వచ్చే నూటికి తొంభైమంది "తక్కువ చేదున్నది ఏదైనా ఇవ్వండి" అనే తప్ప ఇంకో మాట మాట్లాడరు. చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు చెక్కపలక మీద పెట్టి ఇచ్చే టేస్టర్ ట్రే తెప్పించుకుని, ఏది ఎలా ఉందో నిజం చెబితే చాలు, సంభాషణ దానంతట అదే నడుస్తుంది.

నిజం చెప్పడమంటే 'సూపర్ బ్రో' అనడం కాదు. ఉదాహరణకు బీరులో కోసిన పచ్చి యాపిల్ వాసన తగిలిందనుకోండి, ఈస్ట్ పని పూర్తికాకముందే తొందరపడి ట్యాపుకు ఎక్కించి ఉండొచ్చు. పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన వస్తే పూర్తిగా ఊరలేదని అర్థం, లేకపోతే గొట్టాలు శుభ్రంగా లేవని. వీకెండ్ ఒత్తిడికి ట్యాంకు రెండు రోజులు ముందే తెరవాల్సి వచ్చిందని బ్రూయర్‌కు తెలుసు, యజమానికి చెప్పలేడు. కస్టమర్ నోట అది వినబడితే ఆయనకు బలం. "వచ్చే ట్యాంకు మీరు చూడాలి" అనే మాట అలాంటి సంభాషణ తర్వాతే వస్తుంది. గ్లాసు మీద నురగ ఎంతసేపు నిలిచిందో, తాగిన కొద్దీ గాజుకు గీతలు గీతలుగా అంటుకుందో లేదో చూసే మనిషిని బ్రూయర్లు చప్పున గుర్తుపడతారు. చల్లదనం విషయంలో మాత్రం ఇద్దరికీ గొడవే. మన ఎండలకు 'చిల్డ్' కావాలంటాం, ఆయన కాస్త తగ్గితేనే వాసన తెలుస్తుందంటాడు. ఏప్రిల్‌లో ఆయన మాట వినడం కష్టం.

బ్రూయర్లు చోటు మారుతుంటారన్నది ఇంకో ముఖ్యమైన విషయం. చేయి తిరిగినవాళ్లు తక్కువ, కొత్తగా తెరిచే పబ్‌లు ఎక్కువ. ఒక్కొక్కరు రెండు మూడు చోట్ల సలహాదారులుగా కూడా ఉంటారు. పబ్ బోర్డు అదే ఉంటుంది, లోపల చేయి మారిపోతుంది. హోటల్‌లో వంటమాస్టర్ వెళ్లిపోయిన వారానికే బిర్యానీలో తేడా పసిగట్టే ఊరిది, బీరులో పట్టడం పెద్ద పనేం కాదు. అసలైన అభిమానులు పబ్‌ను కాకుండా బ్రూయర్‌ను అనుసరిస్తారు. ఫలానా ఆయన గచ్చిబౌలికి మారాడంటే వాళ్లూ గచ్చిబౌలి దారి పడతారు.

అమెరికాలో అభిమానికి ఇంకో దారి ఉంది, తానే ఇంట్లో కాచుకోవడం. 1978లో అక్కడి ఫెడరల్ చట్టం ఇంటి బీరును అనుమతించింది. ఆ తరం గ్యారేజీల్లో బకెట్లతో మొదలుపెట్టినవాళ్లే తర్వాత బ్రూవరీలు తెరిచారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం. దాంతో రుచి తెలిసిన మనిషికి సొంతంగా ప్రయత్నించే అవకాశం లేదు, తన మనసులో ఉన్న బీరు తయారవ్వాలంటే ఎవరో ఒక బ్రూయర్ ట్యాంకులోనే అవ్వాలి. ఈ ఒక్క కారణంతోనే హైదరాబాద్‌లో తాగేవాడికీ కాచేవాడికీ మధ్య మాట ఎక్కువ విలువ సంపాదించుకుంది.

ఆ మాట ఎలా పనిచేస్తుందో చూడండి. బ్రూయర్‌కు జొన్నలు కలిపిన బీరో, ఘాటైన స్టౌటో చేయాలని ఉంటుంది. యజమాని భయం ఒకటే, పోకపోతే ఏంటి? ట్యాంకు నెల రోజులు కదలకుండా కూర్చుంటే అద్దె, కరెంటు, పోయిన హెఫెవైజన్ అమ్మకం అన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటి వారంలోనే వచ్చి, ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చే పాతిక ముప్ఫై మంది ఉన్నారని బ్రూయర్ చూపించగలిగితే ఆ భయం తగ్గుతుంది. చిన్న ట్యాంకు ఉన్నచోటైతే ఇంకా సులువు. అంటే అరుదైన బీరును ఈ అభిమానులు వెతికి పట్టుకోవడం లేదు, తమ హాజరుతో పుట్టిస్తున్నారు. వాళ్లు రాకపోతే అది అసలు ట్యాంకులో పడదు.

మామిడి బీరు దీనికి చక్కని ఉదాహరణ. ఎండాకాలం రాగానే బంగినపల్లితోనో ఇంకో పండుతోనో చేసిన బీరు ఏదో ఒక పబ్‌లో కనిపిస్తుంది. మామిడి గుజ్జులోని తీపంతా ఈస్ట్ తినేస్తుంది, మిగిలేది వాసన, కాస్త పులుపు. కూల్‌డ్రింకులా ఉంటుందని ఆశపడి వచ్చినవాళ్లు మొదటి గుక్కకే పెదవి విరుస్తారు. కొన్నిచోట్ల వాళ్ల కోసం గ్లాసులో సిరప్ కలిపి ఇస్తారు, అది బీరు పని కాదు, బార్ పని. సిరప్ లేకుండా పోయమనేవాళ్లు నలుగురు గట్టిగా అడిగినచోట మరుసటి ఏడాది కూడా మామిడి ట్యాంకు సవ్యంగా వస్తుంది. అడగనిచోట రెండో ఏడాదికి అది కాక్‌టెయిల్ మెనూలోకి మారిపోతుంది.

ఇంత చెప్పాక ఖర్చు సంగతి దాచడం బాగుండదు. ఒక గ్లాసు డబ్బుతో వైన్స్‌లో దాదాపు రెండు పెద్ద సీసాలొస్తాయి, అదీ సర్వీస్ చార్జీ, పన్నులు కలపకముందు. కాబట్టి ఈ వాడిక ఐటీ జీతాల వాడికే, కల్లు కాంపౌండ్‌లో ఉన్నంత సమానత్వం ఇక్కడ లేదు. నగరంలో 2004లో మూయించిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరిచినప్పుడు పొద్దున్నే క్యూ కట్టినవాళ్లలో ఎంతమంది బ్రూపబ్ గుమ్మం తొక్కి ఉంటారో చెప్పనక్కర్లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ ఖర్చు వేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, ఒక టేస్టర్ ట్రే, ఒక పెద్ద గ్లాసు దానికి సరిపోవచ్చు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉన్న పబ్‌లకు పాత కస్టమర్లు ఎక్కువగా ఉండటంలో బీరు గొప్పతనం ఎంతో, చివరి రైలు సౌకర్యం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

వాడిక ముదిరిన చోట ఒక చిన్న ముచ్చట జరుగుతుంది. ట్యాంకు పక్కన కిందగా చిన్న కుళాయి ఉంటుంది, ఊరుతున్న బీరును రుచి చూసుకోవడానికి. పని రోజు సాయంత్రం బ్రూయర్ గమ్‌బూట్లతోనే బయటికొచ్చి చేతిలోని గ్లాసులో రెండు అంగుళాల పిల్స్‌నర్ బార్ కౌంటర్ మీద పెడతాడు. మసకగా ఉంటుంది, గ్యాసు సరిగా ఎక్కి ఉండదు, వాసనలో ఇంకా కాస్త గంధకం. కస్టమర్ వాసన చూసి, గుక్క తాగి, తల అడ్డంగా ఊపుతాడు. బ్రూయర్‌కు ఆ సంగతి ముందే తెలుసు. లోపలికెళ్లి ట్యాంకు మీద మార్కర్‌తో రాసిన తేదీని తుడిచి, ఇంకో పది రోజులు ముందుకు జరిపి రాస్తాడు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: 'పిల్స్ ఇంకా కాలేదు. ఈ శుక్రవారం రావొద్దు.'